మా వాడి ఐదో పుట్టినరోజు, ఇంట్లోనే సూపర్ హీరో పార్టీ, డాబా మీద 16 మంది పిల్లలు: సలహాలు చెప్పండి

మల్కాజిగిరి అమ్మ
గురువారం, రాత్రి 10:52

అందరికీ నమస్తే. మా వాడికి ఇంకో 17 రోజుల్లో 5 నిండుతాయి. ఆదివారం పడింది. వాడు నెల రోజుల నుంచి చెవినిల్లు కట్టుకుని పోరుతున్నాడు, సూపర్ హీరో పార్టీ కావాలని. ఏ హీరో అంటే పొద్దున స్పైడర్ మ్యాన్, మధ్యాహ్నం హల్క్, పడుకునేటప్పుడు ఛోటా భీమ్.

డెకరేషన్ చేసే ఒకతన్ని అడిగితే 22 వేలు చెప్పాడు. బెలూన్ ఆర్చ్, వెనకాల ఫ్లెక్సీ, స్పైడర్ మ్యాన్ డ్రెస్ వేసుకున్న మనిషి ఒక గంట. కేకు, తిండి మనవే. మా ఆయన అది విని "ఆ గంటకి నేనే వేసుకుంటా, ఆ డబ్బు నాకివ్వు" అన్నారు. ఆయన నవ్వులాటకే అన్నారు కానీ నాకు అక్కడే ఆలోచన వచ్చింది. అన్నీ ఇంట్లోనే చేస్తే? చేతిలో 7 వేలు ఉన్నాయి. అమ్మ ఇచ్చిన కుట్టు మిషన్ ఉంది, కాకపోతే ఆరేళ్ళుగా దాని మీద టీవీ ఉంది.

పిల్లలు 16 మంది, 3 నుంచి 8 ఏళ్ళ లోపు. సాయంత్రం 5కి మా అపార్ట్‌మెంట్ డాబా మీద. ప్రతి ఒక్కరికీ కేప్, మాస్క్ ఇవ్వాలని నా ఆశ. గుడ్డ ఎంత కొనాలో తెలీదు. ఓవెన్ లేదు. ఆటలేం పెట్టాలో తోచడం లేదు. పైగా కొవ్వొత్తులు ఊదడం మన ఇంటా వంటా లేదని అత్తయ్య. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.


నాచారం టైలరక్క
గురువారం, రాత్రి 11:20

ముందు గుడ్డ లెక్క తేల్చుకో తల్లీ, మిగతావి తర్వాత.

సాటిన్ తీసుకో. 44 అంగుళాల పన్నా వస్తుంది. ఆ వెడల్పుని మధ్యకి చింపితే 22 అంగుళాల చొప్పున రెండు కేప్‌లు. పొడవు 26 అంగుళాలు పెట్టుకో, మడతలు పోగా 24 మిగులుతుంది. ఐదేళ్ళ పిల్లలకి అది మోకాలి పైదాకా వస్తుంది. మోకాలు దాటనివ్వకు. దాటితే కాలికింద తొక్కుకుని బోర్లా పడతారు. 26 అంగుళాల ముక్కకి రెండు కాబట్టి 16 కేప్‌లకి 8 ముక్కలు, అంటే 208 అంగుళాలు, ఐదుంపావు మీటర్ల పైచిలుకు. నువ్వు ఆరు మీటర్లు కొను. 18 వస్తాయి. ఎవరో ఒకరు తమ్ముణ్ణి వెంటేసుకొస్తారు, వచ్చాక చూసుకుందాం అంటే కుదరదు.

మెడ దగ్గర కుచ్చిళ్ళు పెట్టి పది అంగుళాలకి తేవాలి, పైన పట్టీ వెయ్యాలి. ముఖ్యమైన మాట: నాడాలు కుట్టకు. నాడా ఎక్కడైనా తగులుకుంటే మెడకి ఉరి పడుతుంది. వెల్క్రో వెయ్యి, రెండంగుళాల ముక్క చాలు. ఎవరైనా వెనక నుంచి కేప్ పట్టుకుని లాగితే (లాగుతారు) చర్రుమని ఊడొస్తుంది, అంతే.

సాటిన్ అంచు పోగులు లేస్తుంది. అన్నీ మడిచి కుట్టాలంటే నీకు వారం పడుతుంది. కొవ్వొత్తి మంట పక్కగా, మంటలో పెట్టకుండా, అంచుని గబగబా నడిపించు. పాలియెస్టర్ కదా, కరిగి ముద్దకట్టి ఆగిపోతుంది. ముందు చిన్న ముక్క మీద చేసి చూసుకో. పక్కన బకెట్ నీళ్ళు ఉండాలి.

సికింద్రాబాద్ జనరల్ బజార్‌కి వెళ్ళు. నీకు దగ్గర.


పాత కామిక్స్
గురువారం, రాత్రి 11:47

ఇంట్లో కుట్టడమే అసలు పద్ధతి మేడమ్. 1962లో మొదటిసారి వచ్చినప్పుడు స్పైడర్ మ్యాన్‌కి ఆ డ్రెస్ ఎవరూ ఇవ్వలేదు. బడికెళ్ళే కుర్రాడు, తన డ్రెస్ తనే తయారు చేసుకున్నాడు. సాలెగూడు చిమ్మే యంత్రం కూడా తనే చేసుకున్నాడు. మీ టీవీ కింద మిషన్‌కి అంతటి చరిత్ర ఉందన్నమాట.

నాదొక సలహా. 16 మందికి 16 స్పైడర్ మ్యాన్ మాస్కులు చేయకండి. ఎవరి గుర్తు వాళ్ళకి పెట్టండి. 1938 నుంచి సూపర్‌మ్యాన్ ఛాతీ మీద ఒక్క అక్షరమే కదా ఉంది. పిల్లల పేర్లలో మొదటి అక్షరం కేప్ వెనకాల అతికిస్తే ఎవరి హీరో వాళ్ళే. కొట్లాట కూడా ఉండదు. ఛోటా భీమ్ విషయంలో మొహమాటం అక్కర్లేదు. వాడిది ఢోలక్‌పూర్ అంటారు కానీ పుట్టింది మన హైదరాబాద్‌లోనే. గ్రీన్ గోల్డ్ వాళ్ళు ఇక్కడ తయారు చేస్తే 2008లో టీవీలోకి వచ్చాడు. ఈ పార్టీకి లోకల్ అతిథి వాడొక్కడే.


పిల్లల వార్డు నర్సు
శుక్రవారం, ఉదయం 6:15

డ్యూటీ దిగి చదువుతున్నాను. కేప్‌లు, ఐదేళ్ళ పిల్లలు, డాబా. ఈ మూడూ ఒకే వాక్యంలో చూసి నిద్ర ఎగిరిపోయింది.

కేప్ వేసుకున్న పిల్లవాడు మొదట చేసే పని ఎత్తు మీద నుంచి దూకడం. సోఫా మీద నుంచి దూకితే కొంప మునగదు. డాబా వద్దండీ.


మల్కాజిగిరి అమ్మ
శుక్రవారం, ఉదయం 9:40

టైలరక్కా, ఆ లెక్క నోట్‌బుక్‌లో రాసుకున్నాను. సిస్టర్‌గారూ, మా పిట్టగోడ నాలుగడుగులు ఉంటుంది. పిల్లల తల పైకి కూడా రాదు. పైగా కింద ఎక్కడా చోటు లేదు, సెల్లార్ నిండా కార్లే.


పిల్లల వార్డు నర్సు
శుక్రవారం, ఉదయం 9:58

మీరు పెద్దవాళ్ళ కోసం పిట్టగోడ పక్కన కుర్చీలు వేస్తారు. కుర్చీ ఎక్కితే నాలుగడుగుల గోడ రెండున్నర అడుగులవుతుంది. వాటర్ ట్యాంక్ మెట్లు, పూలకుండీలు, పైపులు కూడా అంతే. తప్పదంటే కుర్చీలన్నీ మధ్యలోకి లాగండి, గోడ వైపు ముగ్గురు పెద్దవాళ్ళు వేరే పనేమీ లేకుండా నిలబడాలి. ఫోన్‌లో వీడియో తీసేవాళ్ళని లెక్కలోకి తీసుకోకండి.

ఇంకో రెండు చెప్పి పడుకుంటాను. రిటర్న్ గిఫ్టులకి బేగంబజార్ వెళ్తే లైట్లు వెలిగే ఉంగరాలు, బ్యాడ్జీలు కనిపిస్తాయి, చవగ్గా ఉంటాయి, కొనబుద్ధవుతుంది. వాటిలో గుండీలాంటి చిన్న బ్యాటరీ ఉంటుంది. మూత స్క్రూతో బిగించి ఉండదు, కిందపడితే ఊడిపోతుంది. మూడేళ్ళ పిల్ల మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాలడం మొదలవుతుంది. అలాంటివి కొనకండి. రెండోది, పగిలిన బెలూన్ ముక్కలు ఎప్పటికప్పుడు ఏరాలి. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకి అవి గొంతుకి అడ్డంపడే వస్తువులు. ద్రాక్షపళ్ళు పెడితే నిలువుగా చీల్చి పెట్టండి.


ఉప్పల్ నాన్న
శుక్రవారం, మధ్యాహ్నం 1:30

సిస్టర్ చెప్పినవాటికి ఇంకోటి కలుపుకోండి అక్కా. రోడ్డు మీద అమ్మే గ్యాస్ బెలూన్లలో చాలావాటిలో హైడ్రోజనే ఉంటది. కొవ్వొత్తి దగ్గరికొస్తే భగ్గుమంటది. స్నో స్ప్రే కూడా అంతే, డబ్బాలో తోసే గ్యాసు మండేదే. కేక్ కట్ చేసేటప్పుడే అందరూ కొడతరు. మా చుట్టాల ఇంట్లో ఒక అబ్బాయి కనుబొమ్మలు కాలినయి, దేవుడి దయ వల్ల అంతటితో పోయింది.

ఆటల సంగతి. మా పాపకి పోయినేడు చేసినవి మస్తు ఆడాయి.

సాలెగూడు: ఊలు ఉండ రెండు కొనండి. కారిడార్‌లో ఈ గోడ నుంచి ఆ గోడకి అడ్డదిడ్డంగా అతికించండి. తాకకుండా ఇటు నుంచి అటు దూరిపోవాలి. మొదటి పది నిమిషాలు రూల్స్ ఉంటాయి, తర్వాత ఎవరికి వారే రూల్స్ పెట్టుకుంటారు, వదిలేయండి. కానీ మాస్కింగ్ టేపే వాడండి. మామూలు సెల్లో టేపు వేస్తే పీకేటప్పుడు గోడ రంగు కూడా వస్తది.

మంచు జైలు: రెండు రోజుల ముందు స్టీలు గ్లాసుల్లో నీళ్ళు పోసి ఒక్కో దాంట్లో ఒక బొమ్మ వేసి ఫ్రీజర్‌లో పెట్టండి. ఆట ముందు గ్లాసు బయట నీళ్ళు పోస్తే మంచు గడ్డ జారి వస్తది. పిల్లలకి గోరువెచ్చని ఉప్పు నీళ్ళు, చెంచాలు ఇచ్చి "హీరో మంచులో చిక్కుకున్నాడు, కాపాడండి" అనండి. ఉప్పు పడ్డచోట మంచు తొందరగా కరుగుతది. అరగంట అరుపులు లేవు, నమ్మండి. నేను కూర్చుని టీ తాగిన.

ఒకటి మాత్రం చెయ్యకండి. నేను మాస్క్ వేసుకుని తలుపు వెనక నుంచి దూకిన. మా పాప నన్ను గుర్తుపట్టలే. వాళ్ళమ్మ చంక దిగలేదు కేక్ అయ్యేదాకా.


రిటైర్డ్ టీచరమ్మ
శుక్రవారం, సాయంత్రం 5:05

మీ అత్తగారి మాట తీసెయ్యక్కర్లేదు అమ్మా, ఊదమని గొడవపడక్కర్లేదు. మా ఇంట్లో మేం చేసేది చెప్తాను. ఎన్నేళ్ళు నిండితే అన్ని ప్రమిదలు పళ్ళెంలో పెట్టి, పిల్లవాడి చేయి పట్టుకుని వాడితోనే వెలిగిస్తాం. ఊదడానికి ఉబలాటపడే పిల్లలకి వెలిగించడం ఇంకా ఉబలాటం. హారతి, అక్షింతలు అయ్యాక కేకు కోసుకోండి.

పొద్దున్నే తలంటి పోసి కొత్త బట్టలు కట్టేటప్పుడు అంచుకి పసుపు పెడతాం కదా. కేప్ కూడా కొత్త బట్టే. దానికీ పెట్టండి.

మా పెద్దవాడు చిన్నప్పుడు తువ్వాలు మెడకి కట్టుకుని మంచం మీద నుంచి దూకేవాడు. అప్పట్లో అది ఆంజనేయస్వామి సముద్రం దాటడం. ఇప్పుడు వాడికి నలభై దాటాయి. మోకాలి మీద మచ్చ అలాగే ఉంది.


కుక్కర్ కేకు
శుక్రవారం, రాత్రి 9:12

ఓవెన్ లేదన్నారు కదా, నా పేరు చూశారుగా.

ఏప్రిల్ ఎండకి క్రీమ్ కేకు పెట్టుకోకండి. బయట పెట్టిన పావుగంటకి జారిపోతుంది. చాక్లెట్ కేకు ఏ హంగూ లేకుండా చేసి, పైన కాగితంతో కత్తిరించిన గుర్తు (నక్షత్రమో, మెరుపో) పెట్టి, టీ వడపోసే జల్లెడతో పంచదార పొడి చల్లండి. కాగితం మెల్లగా ఎత్తితే గుర్తు నల్లగా, చుట్టూ తెల్లగా నిలుస్తుంది. కోసే ముందే చల్లాలి. గంట ముందు చల్లితే కేకు తేమకి పంచదార కరిగి మాయమవుతుంది, నాకు అయింది.

గుడ్డు లేని కొలత: మైదా ఒకటిన్నర కప్పు, పంచదార కప్పు, కోకో మూడు పెద్ద చెంచాలు, వంటసోడా ఒక చిన్న చెంచా, చిటికెడు ఉప్పు. ఇవన్నీ జల్లించుకోండి. నీళ్ళు కప్పు, నూనె ఐదు పెద్ద చెంచాలు, వెనిగర్ ఒక పెద్ద చెంచా విడిగా కలిపి దాంట్లో పోయండి. ఎక్కువ తిప్పకండి, వెంటనే పెట్టేయండి. వెనిగర్, సోడా కలిసిన క్షణం నుంచే పొంగడం మొదలవుతుంది, మీరు ఫోన్ మాట్లాడుతూ నిలబడితే ఆ గాలంతా పోతుంది. కుక్కర్‌లో రబ్బరు తీసేయాలి, విజిల్ తీసేయాలి, నీళ్ళు పోయకూడదు. అడుగున ఉప్పు ఒక అంగుళం మందం, దాని మీద స్టాండు. పది నిమిషాలు వేడెక్కాక గిన్నె పెట్టి సన్నటి సెగ మీద 45 నిమిషాలు. మీ గిన్నె మీ కుక్కర్‌లో పడుతుందో లేదో పిండి కలపకముందే చూసుకోండి. 16 మందికి ఇలాంటివి రెండు.


మల్కాజిగిరి అమ్మ
శనివారం, మధ్యాహ్నం 12:10

హల్క్ కోసం పాలకూర ఇడ్లీలు పెడదామనుకుంటున్నాను. ఆకుపచ్చగా భలే ఉంటాయి కదా?


కుక్కర్ కేకు
శనివారం, మధ్యాహ్నం 12:45

పాలకూర పూరీ చెయ్యండి, ఇడ్లీ వద్దు. పులిసిన పిండిలో పాలకూర వేసి ఆవిరి పెడితే ఆ పులుపుకి పచ్చదనం చచ్చిపోతుంది. బూడిద రంగు వస్తుంది.

నీలం రంగు కావాలంటే మీ వీధిలో ఎవరి ప్రహరీ మీదైనా శంఖపుష్పం తీగ ఉంటుంది. పది పన్నెండు పూలు తెచ్చి గ్లాసుడు వేడినీళ్ళలో వేస్తే చిక్కటి నీలం దిగుతుంది. చల్లార్చి, పంచదార కలిపి గ్లాసుల్లో పోసి పెట్టండి. పిల్లల చేతికి నిమ్మచెక్క ఇచ్చి పిండమనండి. నీలం కాస్తా ఊదా రంగులోకి తిరుగుతుంది. ఆ పువ్వు రంగుకి పులుపు తగిలితే అంతే.


సగటు తండ్రి
శనివారం, రాత్రి 11:30

ఇంత హడావుడి ఎందుకో అర్థం కాదు. ఐదేళ్ళ పిల్లాడికి ఇవేవీ గుర్తుండవు. ఒక కేకు, నాలుగు సమోసాలు పెడితే సరిపోతుంది. ఇదంతా స్టేటస్‌లో ఫోటోలు పెట్టుకోవడానికి అమ్మల పోటీ.


నాచారం టైలరక్క
ఆదివారం, ఉదయం 7:02

మీరు సమోసాలు పెట్టుకోండి సార్. ఎవరొద్దన్నారు.


మల్కాజిగిరి అమ్మ
తర్వాతి గురువారం, రాత్రి 11:15

వారం రిపోర్టు. జనరల్ బజార్‌లో సాటిన్ మీటరు 70కి దొరికింది. ఎరుపు నాలుగు, నీలం రెండు మీటర్లు. టీవీ కిందికి దిగింది. మిషన్ నూనె తాగి తాగి మొత్తానికి కదిలింది, కానీ బాబిన్ దారం మొదటి మూడు కేప్‌లకి కింద పిచ్చుకగూడు అల్లింది. కుచ్చిళ్ళు పెట్టేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఇప్పటికి 11 అయ్యాయి.

ఒక విచిత్రం. అంచులు కాల్చడం నాకు చేతకాక ఒక ముక్క నల్లగా మాడిస్తే, "ఇలా తే" అని అత్తయ్య లాక్కున్నారు. ఆవిడ పట్టుకున్న తీరు చూడాలి. రెండు వేళ్ళ మధ్య అంచు, మంటకి వేలెడు దూరం, పూలదండ కట్టేవాళ్ళు దారం జార్చినట్టు ఒకే వేగంతో జారుస్తారు. ఎక్కడా నల్లబడదు. పద్దెనిమిదీ రెండు రాత్రుల్లో అయిపోయాయి. కుట్టకముందు ముక్కలు కూడా.

అక్షరాలు కత్తిరించమని ఫెల్ట్ షీట్లు, పిల్లల పేర్ల జాబితా ఇచ్చి ఆఫీసుకెళ్ళాను. వచ్చేసరికి అన్నీ తెలుగు అక్షరాలు! నేను ఇంగ్లీషు అని చెప్పలేదు, ఆవిడకి అడగాలని తోచలేదు. పసుపు ఫెల్ట్ మీద గుండ్రటి "రు", "శ్రీ", "అ". ఒకరికి "క్ష" పడింది, అది కత్తిరించడానికే గంట పట్టిందట. ముందు అయ్యో అనుకున్నాను. తర్వాత ఎర్ర సాటిన్ మీద పెట్టి చూస్తే ఎంత బాగుందో. మార్చలేదు.

మావాడు తన కేప్ వేసుకునే పడుకుంటున్నాడు. నిద్రపోయాక వెల్క్రో లాగి తీస్తున్నాను.


పాత కామిక్స్
గురువారం, రాత్రి 11:31

"క్ష" గుర్తున్న హీరోకి ఎదురుపడే విలన్ ఇంకా పుట్టలేదు. ఆ అక్షరం ఫోటో ఒక్కటి పెట్టండి మేడమ్, పిల్లలు లేకుండా, కేప్ మాత్రం చాలు.


మల్కాజిగిరి అమ్మ
పార్టీ తర్వాత సోమవారం, మధ్యాహ్నం 2:20

అయిపోయింది. కాళ్ళు లాగేస్తున్నాయి. చెప్తాను.

సిస్టర్‌గారూ, మీ కోరిక వరుణదేవుడు తీర్చాడు. నాలుగు దాకా మాడ్చిన ఎండ ఐదుంపావుకల్లా మబ్బైంది. డాబా మీద కట్టిన కాగితపు తోరణాలు గాలికి పక్క అపార్ట్‌మెంట్ మీదికి పోయాయి. చినుకులు మొదలయ్యేలోపు మా ఆయన, వాచ్‌మన్, ఇద్దరు నాన్నలు కలిసి సెల్లార్‌లో ఐదు కార్లు బయటికి తీశారు. బయట పెట్టిన కార్ల మీద వడగళ్ళు పడలేదు, అదొక్కటి నయం. పిల్లలందరూ కిందికి. కరెంటు పోయింది. జనరేటర్ లిఫ్టుకి, కారిడార్ లైట్లకే.

నాకు ఏడుపొచ్చింది, దాచుకోను. అప్పుడు ఎనిమిదేళ్ళ అబ్బాయి ఒకడు సెల్‌ఫోన్ టార్చ్ వేసి, కేకు కోసం నేను కత్తిరించిన కాగితం నక్షత్రాన్ని దాని ముందు పెట్టాడు. స్తంభం మీద ఇంత పెద్ద నక్షత్రం నీడ! టార్చ్‌కి అతికించి పెడితే మసకగా పడుతోంది, దూరం జరిపి గోడ వైపు తెస్తే అంచులు పదునుగా వస్తున్నాయి. ఇంక చూసుకోండి, ప్రతి పిల్లా తన గుర్తు స్తంభం మీద వేయాలి. మిగిలిన ఫెల్ట్ ముక్కల్లో అక్షరాల ఆకారంలో ఖాళీలు ఉంటాయి కదా, అత్తయ్య అవి పారెయ్యలేదు. ఒక్కొక్కటే తెచ్చి పట్టుకుంటే వెలుగు అక్షరాలు. "క్ష" పడ్డప్పుడు సెల్లార్ దద్దరిల్లింది. అది ఎవరి అక్షరమో ఆ పిల్లకి అప్పటిదాకా తెలీదు, ఇంగ్లీషు మీడియం. అది నాదే అని తెలిసిన దగ్గర్నుంచి ఎవర్నీ టార్చ్ పట్టుకోనివ్వలేదు.

మా ఆయన మాస్క్ వేసుకుని మెట్ల మీద నుంచి దిగారు. ఉప్పల్ అన్నా, మీరు చెప్పినా వినలేదు. మూడేళ్ళ పిల్ల ఒకటే ఏడుపు. మావాడు మాత్రం భయపడలేదు. చెప్పులు చూసి "నాన్నా, అమ్మ పిలుస్తోంది, కార్లు తడుస్తున్నాయంట" అన్నాడు.

ప్రమిదలు ఐదూ వాడితోనే వెలిగించాం. గాలికి రెండు ఆరిపోయాయి. నేను అత్తయ్య మొహం చూశాను. "గాలి ఆర్పితే మనం ఆర్పినట్టు కాదులే" అని మళ్ళీ వెలిగించారు. టీచరమ్మగారూ, కేప్‌కి పసుపు పెట్టాం. పార్టీకి వచ్చిన పిల్లలు "ఇదేంటి మరక" అని అడిగితే "అది పవర్" అని వాడే చెప్పుకున్నాడు, నేను నేర్పలేదు.

తిండి: శంఖపుష్పం షర్బత్ రెండుసార్లు కలపాల్సి వచ్చింది, నిమ్మకాయలు అయిపోయాయి. కేకు బాగా వచ్చింది, ఒకటి కొంచెం అడుగంటింది. ఇడ్లీ... చెయ్యొద్దన్నా చేశాను, మన్నించండి. సిమెంటు రంగు వచ్చాయి. ఎవరూ ముట్టుకోలేదు. పిల్లలకి తిండి చాలదేమో అని మా ఆయన చివర్లో పిజ్జా తెప్పించారు, 1,800 వదిలింది. గుడ్డ 420, వెల్క్రో, ఎలాస్టిక్, ఫెల్ట్ కలిపి 380, బెలూన్లు, కాగితాలు 300, కేకుల సామాన్లు 450, మిగతా తిండి 1,900. మొత్తం 5,250. కేప్, మాస్కే రిటర్న్ గిఫ్ట్.

ఆ రెండు ఎక్స్‌ట్రా కేప్‌లు వాచ్‌మన్ పిల్లలిద్దరికీ వేశాం. అయ్యాక టైలరక్క చెప్పినట్టే ఒకరు తమ్ముణ్ణి వెంటేసుకొచ్చారు. కేప్ లేదు. ఇంట్లోంచి తువ్వాలు తెచ్చి రెండు బట్టల క్లిప్పులతో చొక్కా భుజాలకి పెట్టాను. అందరికంటే ఎక్కువ పరిగెత్తింది వాడే.


పాత కామిక్స్
సోమవారం, మధ్యాహ్నం 3:05

ఇడ్లీల గురించి సిగ్గుపడకండి. 1962లో హల్క్ మొదటి సంచికలో బూడిద రంగులోనే ఉన్నాడు. ప్రెస్సులో ఆ రంగు సరిగ్గా రాక, ఒక్కోచోట ఒక్కోలా పడుతోందని రెండో సంచిక నుంచి ఆకుపచ్చ చేశారు. మీది ఒరిజినల్ హల్క్ ఇడ్లీ.


కుక్కర్ కేకు
సోమవారం, మధ్యాహ్నం 3:20

నేను చెప్పాను కదండీ వద్దని 🙂


పిల్లల వార్డు నర్సు
సోమవారం, రాత్రి 8:40

ఎవరూ పడలేదు కదా?


మల్కాజిగిరి అమ్మ
సోమవారం, రాత్రి 9:00

మా ఆయన జారారు. తడి మెట్ల మీద, మాస్కులోంచి కనపడక. మడమ వాచింది, ఐస్ పెట్టాం. మంచు జైలు కోసం చేసిన గడ్డలే, వానలో ఆ ఆట మర్చిపోయాం. ఒక దాంట్లో హల్క్ ఇంకా ఉన్నాడు.


ఉప్పల్ నాన్న
సోమవారం, రాత్రి 9:25

బావగారికి నా తరఫున సానుభూతి. సాలెగూడు ఎట్లయింది అక్కా? సెల్లార్ స్తంభాలకి కట్టారా?


మల్కాజిగిరి అమ్మ
సోమవారం, రాత్రి 9:41

లేదన్నా, అది శనివారం రాత్రే మా హాల్లో కట్టాం, వాడు ఆగలేక. ఆదివారం పొద్దంతా ఇంట్లో అందరం వంగి వంగి నడిచాం. అత్తయ్య ఒక్కసారి కూడా తాకలేదు.


ఉప్పల్ నాన్న
సోమవారం, రాత్రి 9:44

మాస్కింగ్ టేపే కదా?


మల్కాజిగిరి అమ్మ
సోమవారం, రాత్రి 9:58

శనివారం రాత్రి పదిన్నరకి మాస్కింగ్ టేపు ఎక్కడ దొరుకుతుంది అన్నా. ఇంట్లో సెల్లో టేపే ఉంది. పదకొండు చోట్ల రంగు లేచొచ్చింది. లేత పిస్తా రంగు గోడ. ఓనర్ అంకుల్ ఒకటో తారీఖున అద్దెకి వస్తారు. అదే రంగు చిన్న డబ్బా ఎక్కడ కలిపిస్తారో ఎవరికైనా తెలిస్తే చెప్పండి, ఇంకా మూడు రోజులే ఉంది.